ఎత్వం ఒత్వమైన చోట

(ఒక చిన్న గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం, రికార్డింగు నుంచి రాసుకున్నది)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది, కాస్త తగ్గించండి. ఆఁ, చాలు.

గత మూడు ఆదివారాలు ఇదే హాల్లో రోజుకో భాగం చొప్పున 'ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్' చూశాం. అంటే హంతకురాలెవరో మీకందరికీ తెలుసు. ఇవాళే మొదటిసారి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకి ముందుగానే క్షమాపణలు. నేనేదీ దాచను. దాచి మాట్లాడటం మొదలుపెడితే ఈ కథ గురించి చెప్పడానికి టీ, బిస్కెట్లు, గులాబీ తోటలే మిగులుతాయి. (నవ్వులు)

ముందు వివరాలు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఇది 1985లో బీబీసీ తీసింది. ఆధారం అగాథా క్రిస్టీ 1950లో రాసిన నవల. టీవీకి రాసింది అలన్ ప్లేటర్, దర్శకుడు డేవిడ్ జైల్స్. క్రిస్టీ కథల్లో హత్యల గుట్టు విప్పే పల్లెటూరి పెద్దావిడ మిస్ మార్పుల్‌గా జోన్ హిక్సన్. ఆవిడ 1906లో పుట్టారు. 1984 క్రిస్మస్ మర్నాడు ఈ సీరీస్ మొదలయ్యేనాటికి 78 ఏళ్లు. 1992 దాకా మార్పుల్ నవలలు పన్నెండింటిలోనూ నటించారు. 1940లలో ఏదో నాటకంలో ఆవిణ్ణి చూసి క్రిస్టీయే చీటీ రాశారట, నువ్వు ఎప్పటికైనా నా మిస్ మార్పుల్ వేషం వేయాలని. అది నిజమవడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. అప్పటికి చీటీ రాసినావిడ లేరు.

ఇన్‌స్పెక్టర్ క్రాడాక్‌గా జాన్ కాజిల్ చేశారు. ఊరు చిప్పింగ్ క్లెగ్‌హార్న్. అలాంటి ఊరు ఇంగ్లండులో లేదు. షూటింగ్ జరిగింది డోర్సెట్‌లోని పవర్‌స్టాక్ అనే పల్లెలో. వివరాలు ఇక చాలు.

అసలు సంగతి. పల్లెటూరి డిటెక్టివ్ కథ అంటే మన మనసులో ఒక బొమ్మ ఉంటుంది. నలభై ఇళ్లు, ఒక చర్చి, ఒక పోస్టాఫీసు, అందరికీ అందరూ తెలుసు. ఎవరింట్లో ఏ కూరో తెలుసు. అలాంటి చోట హత్య జరిగితే గమ్మత్తుగా ఉంటుంది, అందుకే రచయితలకి పల్లెటూరంటే ఇష్టం అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఈ ఎపిసోడ్ రెండోసారి చూసినప్పుడు తెలిసింది, ఇది సరిగ్గా దానికి తలకిందుల కథ అని. ఈ ఊళ్లో ఎవరికీ ఎవరూ తెలియదు. తెలిసినట్టు ఉంటారు, అంతే.

మా అమ్మమ్మగారి ఊరు గోదావరి పక్కన. బస్సు దిగి ఇంటికి నడిచేలోపు కనీసం అయిదుగురు ఆపేవారు. "ఎవరి తాలూకు బాబూ?" అనేవారు. పేరు అడిగేవారు కాదు. నా పేరుతో వాళ్లకి పని లేదు. ఫలానావారి మనవణ్ణి అని చెబితే దారి ఇచ్చేవారు. ఒకసారి ఎవరో ఒకాయన పక్క ఊరి పేరు చెప్పి అరుగు మీద కూర్చున్నాడు. చందాకో దేనికో వచ్చాడు. అమ్మమ్మ మంచినీళ్లిచ్చి, "మీ ఊళ్లోకి రాగానే చెరువు కుడిచేతి వైపా, ఎడమచేతి వైపా నాయనా?" అంది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి కుడిచేతి వైపన్నాడు. నిజంగానే కుడిచేతి వైపే. అయినా ఆయన వెళ్లాక అమ్మమ్మ, "ఆలోచించాడూ అంటే ఆ ఊరివాడు కాదు" అంది. (నవ్వులు)

మిస్ మార్పుల్ చేసేది సరిగ్గా అదే. ఆవిడకి వేలిముద్రలు అక్కర్లేదు. ఎవరినైనా చూస్తే, వీడు అచ్చం మా ఊళ్లో ఫలానా కుర్రాడిలా ఉన్నాడే, వాడు చిల్లర దొంగతనం చేశాడు కదా, అనుకుంటుంది. మన పెద్దవాళ్లు మాట్లాడే పద్ధతే.

అలాంటి మార్పుల్ ఈ కథలో ఇన్‌స్పెక్టర్‌తో ఒక మాట చెబుతుంది. నా మాటల్లో చెప్తాను. పదిహేనేళ్ల కింద అయితే ఊళ్లో ఎవరెవరో నాకు తెలిసేది. కొత్తవాళ్లొస్తే వాళ్ల గురించి తెలిసినవాళ్ల ఉత్తరం పట్టుకొచ్చేవారు, లేదా మనవాళ్లతో కలిసి ఒకే రెజిమెంటులో పనిచేసినవాళ్లయి ఉండేవారు. ఇప్పుడు అలా కాదు, వస్తారు, ఇల్లు కొంటారు, ఉంటారు. వాళ్ల గురించి మనకు తెలిసిందల్లా వాళ్లు చెప్పుకున్నదే.

పదిహేనేళ్లు అన్నప్పుడు మధ్యలో ఏముంది? యుద్ధం ఉంది. 1939 సెప్టెంబరు 29న బ్రిటన్‌లో జనం లెక్క తీసి అందరికీ గుర్తింపు కార్డులిచ్చారు. 1940 జనవరిలో తిండికి రేషన్ మొదలైంది. అది పూర్తిగా ఎత్తేసింది 1954 జూలైలో. యుద్ధం గెలిచాక కూడా తొమ్మిదేళ్లు! బాంబులకి ఇళ్లు పోయినవాళ్లు, యూరప్ నుంచి పారిపోయి వచ్చినవాళ్లు, వలస దేశాల్లో ఉద్యోగాలు అయిపోయి తిరిగొచ్చినవాళ్లు, అందరూ చవగ్గా బతకొచ్చని ఇలాంటి పల్లెలకి చేరారు.

ఇక్కడ మనకి చిన్న చుట్టరికం ఉంది. కథలో కర్నల్ ఈస్టర్‌బ్రుక్ అని ఒకాయన ఉంటాడు కదా, మీసాలు, గట్టి గొంతు, అన్నిటికీ అభిప్రాయం. ఆయన ఇండియాలో పనిచేసి వచ్చినాయన. 1947 తర్వాత మన దగ్గర్నుంచి ఓడ ఎక్కిన దొరల్లో ఒకడన్నమాట. ఇక్కడ ఆయన వెనక నౌకర్లు, జవాన్లు ఉండి ఉంటారు. అక్కడ ఆయన చెప్పే పులి కథలు నిజమో కాదో చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడు. ఆయన కర్నలని మాత్రం ఎవరు చూశారు? ఆయనే చెప్పాడు, అంతే. నవల్లో హత్యకి వాడిన రివాల్వరు ఆయన సొరుగులోదే.

మరి మనిషిని గుర్తుపట్టే ఊరు పోయాక దాని స్థానంలో ఏమొచ్చింది? కాగితం వచ్చింది. రేషన్ పుస్తకం, నంబరున్న గుర్తింపు కార్డు. ఇన్‌స్పెక్టర్ క్రాడాక్ బాధ నవల్లో ఇదే. ఆ కార్డుల మీద ఫోటో లేదు, వేలిముద్ర లేదు. కాస్త తెలివి ఉంటే ఎవరి కార్డుతోనైనా ఎవరైనా బతికేయొచ్చు. నవల వచ్చిన 1950లోనే, డిసెంబరులో, ఒకాయన కారు ఆపిన పోలీసుకి కార్డు చూపించనన్నాడు. ఆ కేసు పై కోర్టు దాకా వెళ్లింది, చివరికి 1952 ఫిబ్రవరిలో కార్డులే రద్దయ్యాయి. ఆధార్ నంబరు కంఠతా వచ్చిన మనకి ఇది వింతగా ఉంటుంది.

నవ్వకండి, మేమిప్పుడు ఉంటున్న అపార్టుమెంటు సంగతీ అంతే. హైదరాబాదు వచ్చి ఏడేళ్లయింది. గేటు దగ్గర ఓటీపీ చెబితే లోపలికి పంపిస్తారు. మా అంతస్తులో నాలుగు ఇళ్లున్నాయి. ఎదురింటాయన పేరు నాకు కొరియర్ డబ్బాల మీద చూస్తే తెలిసింది. సరే, కథలోకి వద్దాం.

మొదలు గుర్తుంది కదా? ఊరి పేపర్లో, సైకిలు అమ్మబడును, కుక్కపిల్లలు కావలెను, ఇలాంటి వాటి మధ్య ఒక ప్రకటన. హత్య జరుగుతుందని ప్రకటిస్తున్నాం, శుక్రవారం సాయంత్రం, లిటిల్ పాడక్స్ అనే ఇంట్లో, మిత్రులు ఇదే ఆహ్వానంగా భావించగలరు. మన శుభలేఖలో చివరి వాక్యంలా ఉంటుంది. ఇంటింటా ఆ పేపరు చదవడం, ఒకరికొకరు చెప్పుకోకుండానే అందరూ ఒకే ఇంటికి బయల్దేరడం. ఒక్కరూ 'హత్య చూడ్డానికొచ్చాం' అనరు. ఇటు పోతూ వచ్చాం అంటారు. ఈ ఒక్క విషయంలో ప్రపంచంలో పల్లెటూళ్లన్నీ ఒకటే!

లైట్లు పోతాయి. తలుపు తెరుచుకుంటుంది. కళ్లలోకి టార్చి లైటు. చేతులెత్తమని కేక. తుపాకి చప్పుళ్లు. లైట్లొచ్చేసరికి ఇంటావిడ లెటీషియా బ్లాక్‌లాక్ చెవి నుంచి రక్తం, గుమ్మంలో శవం. చచ్చినవాడు రూడీ షెర్జ్ అనే స్విట్జర్లాండు కుర్రాడు, దగ్గర్లో హోటల్లో పనిచేస్తాడు.

ఈ సీను చూస్తున్నప్పుడు మొదటి వారం ముందు వరుసలో ఒక పెద్దావిడ గట్టిగానే అన్నారు, "పక్కింటికి కూడా పోయిందేమో చూడరేం?" అని. (నవ్వులు) అమ్మా, అది నవ్వుకోవాల్సిన మాట కాదు. 1980లలో మన ఊళ్లలో ఎవరైనా ఈ హత్య చేయబోతే ప్లాన్ అక్కడే చెడిపోయేది. కరెంటు పోగానే మనం చేసే మొదటి పని బయటికి వచ్చి పక్కింటి వైపు చూడటం. వాళ్లకి ఉండి మనకి లేదంటే ఫ్యూజు. ఎవరు పీకారు, ఎందుకు పోయింది అని అప్పుడే మొదలవుతుంది. కథలో కూడా అసలు కిటుకు ఫ్యూజే. దీపం వైరు ఒకచోట పొట్టు ఊడి ఉంటుంది, పూలకూజా లోంచి నాలుగు చుక్కల నీళ్లు పోస్తే షార్ట్ అవుతుంది. పూలు మర్నాటికి వాడిపోయి ఉండటం ఎవరికి అనిపించాలి? ఇల్లు నడిపే మనిషికే అనిపించాలి. పోలీసుకి అనిపించదు.

నవల్లో ఇంకో అందమైన ఆధారం ఉంది. ఆ సాయంత్రం వచ్చిన ప్రతివాళ్లూ, అబ్బో, అప్పుడే ఇంటికి సెంట్రల్ హీటింగ్ పెట్టారే అంటారు. అక్టోబరు నెలలో, బొగ్గు దొరకని రోజుల్లో. అక్కడ బొగ్గు రేషన్ 1958 దాకా ఉంది. మనం అది మర్యాదకి అన్న మాట అనుకుని దాటేస్తాం. ఎందుకు పెట్టింది? హీటింగ్ ఉంటే పొయ్యిలో నిప్పు అక్కర్లేదు. నిప్పు లేకపోతే లైట్లు పోయినప్పుడు గది నిజంగా చీకటవుతుంది. రేషన్ కాలం పొదుపు, హత్యకి ఏర్పాటు, రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి.

ఇప్పుడు ఆవిడ దగ్గరికి. లెటీషియా అనబడే ఆవిడ లెటీషియా కాదు, చెల్లెలు షార్లెట్. చిన్నప్పుడే మెడ దగ్గర గాయిటర్, అంటే థైరాయిడ్ వాపు, వచ్చింది. తండ్రి పాతకాలం డాక్టరు, ఆపరేషన్ ఒప్పుకోలేదు. పిల్ల గదిలోంచి బయటికి రావడం మానేసింది. అక్క ఉత్తరాలు రాస్తుంది, ధైర్యం చెబుతుంది. తండ్రి పోయాక అక్క ఉద్యోగం వదిలేసి చెల్లెల్ని స్విట్జర్లాండు తీసుకెళ్లి ఆపరేషన్ చేయిస్తుంది. స్విట్జర్లాండే ఎందుకంటే, ఆ దేశపు కొండల్లో నేలలో అయోడిన్ తక్కువ, ఆ జబ్బు ఎక్కువ. అందుకని దాని వైద్యం కూడా అక్కడే ముదిరింది. బెర్న్‌లో ఉండే కోకర్ అనే సర్జన్‌కి 1909లో నోబెల్ ఇచ్చింది థైరాయిడ్ మీద చేసిన పనికే. ఉప్పులో అయోడిన్ కలపడం కూడా ఆ దేశం 1922లోనే మొదలుపెట్టింది. మనం ఇవాళ ప్యాకెట్టు మీద చూసే 'అయోడైజ్డ్' అన్న మాట వెనక ఆ కొండలున్నాయి.

ఆపరేషన్ బాగానే జరిగింది. షార్లెట్ మామూలు మనిషైంది. అప్పుడు అక్క న్యుమోనియాతో చచ్చిపోయింది. కోటీశ్వరుడి దగ్గర సెక్రటరీగా పనిచేసిన అక్కకి పెద్ద ఆస్తి రావాల్సి ఉంది, ఆయన భార్య స్కాట్లండులో మంచంలో ఉంది, ఆవిడ కన్నా అక్క ఒక్క రోజు ఎక్కువ బతికితే చాలు. చెల్లెలు ఆలోచించింది. ఇన్నేళ్లు గదిలో మూసుకుని ఉన్న మనిషి ఆవిడ. ఆవిణ్ణి ఎరిగినవాళ్లెవరు? అక్క పేరు పెట్టుకుని, మెడ మీది కుట్ల మచ్చ మీద పెద్ద ముత్యాల పేట వేసుకుని, తననెవరూ ఎరగని చిప్పింగ్ క్లెగ్‌హార్న్‌కి వచ్చింది.

నాకు ఈ భాగమంటే చాలా ఇష్టం. ఇక్కడిదాకా ఆవిడ హంతకురాలు కాదు. దొంగ కూడా సగమే. ఊరందరికీ మంచిది. ఆశ్రయం ఇచ్చింది, టీ ఇచ్చింది. మరి ఎందుకు చంపింది? ఆ రూడీ షెర్జ్ ఒకప్పుడు స్విట్జర్లాండు ఆస్పత్రిలో పనిచేశాడు. ఒకనాడు హోటల్లో గుర్తుపట్టి పలకరించాడు. అంతే! వాడు బెదిరించాలనుకున్నాడో లేదో కూడా మనకి తెలియదు. గుర్తుపట్టాడు, అదే వాడి తప్పు. సరదాగా దొంగ వేషం వేయమని పిలిచి చంపేసింది.

అమ్మమ్మ ప్రశ్న గుర్తుందా, ఎవరి తాలూకు? ఈ కథలో ఆ ప్రశ్నకి జవాబు తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకడు రూడీ. రెండో మనిషి డోరా బన్నర్.

డోరా గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఓర్చుకోండి. రెనే ఆషర్సన్ ఆ వేషం వేసిన తీరు చూడండి. చేతులు ఒకచోట ఉండవు. కాస్త తలతిక్క, కాస్త పిచ్చి ప్రేమ. బీదరికంలో ఉండి, చిన్ననాటి స్నేహితురాలికి ఉత్తరం రాస్తే రమ్మంది, ఇంట్లో పెట్టుకుంది. డోరాకి రహస్యమంతా తెలుసు. చెప్పకూడదనీ తెలుసు. కానీ నోరు వినదు. స్నేహితురాల్ని లెటీ అని పిలవాలి, లెటీషియా కాబట్టి. ఒక్కోసారి లొటీ అంటుంది. షార్లెట్ ముద్దుపేరు లొటీ.

ఇంగ్లీషులో వింటే మనకి తేడా అందదు. యాస అనుకుంటాం. నవల్లో అచ్చులో కళ్లముందే ఉంటుంది, అచ్చుతప్పు అనుకుంటాం. నేను ఈ మూడు భాగాలకీ మన కోసం తెలుగు సబ్‌టైటిల్స్ రాసుకున్నాను కదా, అక్కడ చెయ్యి ఆగింది. లె, లొ. ఎత్వం ఒత్వమైంది, అంతే. పాతిక మంది చదువుతున్నారు, ఒక్కరైనా తప్పు పట్టుకుంటారని రెండు రోజులు టెన్షన్. తీరా చూస్తే మొదటి వారం ఇంటర్వెల్లో ఒక మిత్రుడు వచ్చి, "మాస్టారూ, మీరు ఒకచోట లొటీ అని కొట్టారు, సరిచేయండి" అన్నాడు. (నవ్వులు, చప్పట్లు) ఇదిగో ఆయనే, రెండో వరుసలో. మీరొక్కరే కథలో ఉన్న ఊరివాళ్లందరికన్నా జాగ్రత్తగా విన్నారు. నేను మాత్రం, సరే సార్, సరిచేస్తాను అని అబద్ధమాడాను.

షార్లెట్ ఆ తప్పు ఎన్నిసార్లు విని ఉంటుంది? కాఫీ పోస్తూ విని ఉంటుంది. అందరిలో విని నవ్వేసి ఉంటుంది. చివరికి డోరా పుట్టినరోజు చేసింది. రేషన్ రోజుల్లో, ఎక్కడెక్కడివో కూడబెట్టి చాక్లెట్ కేకు చేయించింది. ఆ సాయంత్రం డోరా ఎంత సంతోషంగా ఉంటుందో చూశారు. తలనొప్పి వస్తే ఆస్ప్రిన్ వేసుకుని పడుకుంటుంది. ఆ మాత్ర ఆస్ప్రిన్ కాదు.

ఒక్కొక్కరు దీన్ని క్రూరత్వం అంటారు. నాకు అలా అనిపించదు. ఆవిడకి డోరా మీద ప్రేమ నిజమే, కేకు నిజమే, ఆ మాత్రా నిజమే. తనని అసలు పేరుతో పిలిచే ఆఖరి మనిషిని చంపుకుని, తర్వాత నిజంగానే ఏడ్చింది.

ఇంకొక్క విషయం చెప్పి ఆపేస్తాను. మర్గట్రాయిడ్. హించ్‌క్లిఫ్‌తో కలిసి పందుల్నీ కోళ్లనీ పెంచుకునే అమాయకురాలు. జోన్ సిమ్స్ వేశారు. హత్య రోజు ఈవిడ తలుపు వెనక ఇరుక్కుంది. అందరి కళ్లలో టార్చి పడింది, ఈవిడ కళ్లలో పడలేదు. అంటే ఆ వెలుగులో మిగతావాళ్ల ముఖాలు చూడగలిగిన ఒకే ఒక్క మనిషి. చూసింది. కానీ ఏం చూశానో తనకే తెలియదు. చూసినవాళ్లని కాదు, లేనివాళ్లని గుర్తు తెచ్చుకోవాలి. హించ్‌క్లిఫ్ కారెక్కి వెళ్తుంటే గుర్తొచ్చి అరుస్తుంది, ఆవిడ అక్కడ లేదు అని. హించ్ ఆగదు. తిరిగొచ్చేసరికి వానలో తీగ మీద ఆరేసిన బట్టల దగ్గర శవం.

ఇంగ్లీషులో ఆ మూడు మాటల్లో ఏ మాటని ఒత్తి పలికిందన్నదే ఆధారం. ఆ ఒత్తు గొంతులోనే ఉంటుంది, కాగితం మీద కనిపించదు. మనకి అలా కాదు. మనం ఒత్తాలంటే ఏకారం పెడతాం. "ఆవిడే అక్కడ లేదు." పెడితే గుట్టు బయటపడుతుంది. పెట్టకపోతే ఆధారమే పోతుంది. ఏం చేశానో చెప్పనా? సబ్‌టైటిల్ ఎత్తేశాను. ఆ ఒక్క కేకకి కింద అక్షరాలు లేవు. ఎవరూ గమనించలేదు.

ప్రశ్నలు ఉంటే... ఆఁ, చెప్పండమ్మా. (ప్రశ్న సరిగ్గా వినిపించలేదు.) హించ్‌క్లిఫ్ తర్వాత ఏమైందనా? కథలో చెప్పరు. పందులకి మేత పెట్టడానికి మర్నాడు లేచి ఉంటుంది. నాకెప్పుడూ ఆవిడ గురించే బెంగ.

సరే. ఇప్పుడు ఒక్క సీను మళ్లీ వేద్దాం. మిస్ మార్పుల్, డోరా కూర్చుని కబుర్లు చెప్పుకునే కేఫ్ సీను. ఈసారి తెలుగు అక్షరాలు లేకుండా వేస్తున్నాను. కళ్లు మూసుకున్నా పరవాలేదు, డోరా స్నేహితురాలి పేరు తలచుకున్నప్పుడల్లా చెవి పెట్టండి. బాబూ, ఆ తలుపు పక్క స్విచ్చి ఆపు. ఫ్యాను కాదు, లైటు.